టైరులో గాలి, కుక్కర్‌లో ఆవిరి

ఆదివారం, బెంగళూరు

మా అక్క కొడుకు ఫస్ట్ పీయూసీ, అంటే మన ఇంటర్ మొదటి సంవత్సరం. సెలవు రోజైతే పుస్తకాలు తీసుకుని మా ఇంటికి వచ్చేస్తాడు. ఇవాళ వాయు నియమాలు పట్టుకొచ్చాడు. మూసిన డబ్బాలో గాలి 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 40కి వేడెక్కితే పీడనం ఎంతవుతుందన్నది లెక్క. వాడు రెట్టింపు అని రాసేశాడు.

"ఉష్ణోగ్రత రెట్టింపైంది కదా పిన్నీ!"

"సరే నాన్నా, వాటినే ఫారన్‌హీట్‌లోకి మార్చు" అన్నాను. 9తో గుణించి, 5తో భాగించి, 32 కలిపాడు. 68, 104 వచ్చాయి. ఇప్పుడు రెట్టింపు ఏదీ? గాలి అదే, వేడీ అదే. వాడు పెన్ను కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు. ఫార్ములా బట్టీపట్టించే ముందు పిల్లల్ని ఈ ఇరకాటంలోకి ఎందుకు తీసుకెళ్లరో నాకు అర్థం కాదు. కెల్విన్ ఎందుకు కావాలో తెలిసేది ఇక్కడే.

సెల్సియస్ సున్నా మనం పెట్టుకున్నది. 1742లో సెల్సియస్ తన స్కేలులో నీళ్లు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టుకున్నాడు. దాన్ని తిరగేసింది తర్వాతివాళ్లు. అలా అటూ ఇటూ జరపగలిగే సున్నా నుంచి లెక్కేసి 'ఇన్ని రెట్లు' అనడం కుదరదు. తేడాలతో ఆ ఇబ్బంది లేదు. జ్వరం 102 నుంచి 100 ఫారన్‌హీట్‌కి దిగితే, ఆ 2 డిగ్రీలను 5/9తో గుణిస్తే చాలు, 1.1 సెల్సియస్ తగ్గినట్టు. అక్కడ 32తో పనే లేదు. నిష్పత్తి దగ్గరికొస్తే మాత్రం నిజమైన అడుగు కావాలి. అది మైనస్ 273.15 సెల్సియస్, కెల్విన్ స్కేలు సున్నా అక్కడే. మూసిన డబ్బాలో పీడనం ఆ సున్నా నుంచి లెక్కేసిన ఉష్ణోగ్రత నిష్పత్తిలోనే పెరుగుతుంది. కెల్విన్ స్కేలులో పై లెక్క 293 నుంచి 313 అవుతుంది. పీడనం పెరిగేది 7 శాతం కూడా లేదు.

వాడికి ఇంకా నమ్మకం కుదరలేదు. జయనగర్‌లో ఎలాగూ పనుంది, వెంటబెట్టుకెళ్లాను. బయలుదేరే ముందు, రాత్రంతా కదలని కారు టైరుకి గేజ్ పెట్టించాను. 33 పీఎస్ఐ (టైరు గేజ్‌లో పీడనం కొలిచే యూనిట్), బయట 22 డిగ్రీలు. ట్రాఫిక్‌లో పడి జయనగర్ చేరగానే వాడే మోకాళ్ల మీద కూర్చుని వాల్వ్ మూత తిప్పి మళ్లీ చూశాడు. 36. ఆ సంఖ్యను బట్టి టైరులోని గాలి ఎంత వేడెక్కిందో చెప్పమన్నాను.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. గేజ్ సున్నా చూపించిందంటే లోపల గాలి లేదని కాదు, బయటి గాలితో సమానంగా ఉందని. అంటే పీడనానికీ అసలు సున్నా వేరే ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ వాతావరణ పీడనం సుమారు 13.2 పీఎస్ఐ, చెన్నైలో అయితే 14.7. అది కలిపితే 46.2 కాస్తా 49.2 అయింది. 295 కెల్విన్‌ను ఆ నిష్పత్తితో గుణిస్తే 314, అంటే 41 డిగ్రీలు. కలపకుండా 36ని 33తో భాగించి ఉంటే 49 డిగ్రీలు వచ్చేది! టైరు థర్మామీటర్ అయిపోయిందని వాడు ఎగిరి గంతేశాడు. వేడి టైరులో 36 కనిపించిందని గాలి తీసేయకూడదనీ చెప్పాను. చల్లారాక తక్కువైపోతుంది.

ఇంటికొచ్చి పప్పుకి కుక్కర్ పెడితే, దీనికీ అదే లెక్క వేస్తానని కూర్చున్నాడు. ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. 15 పీఎస్ఐ వెయిట్ పెడితే లోపల దాదాపు 119 దాకా వెళ్తుంది. 370 నుంచి 392 కెల్విన్. అంటే 13.2 పీడనం 14 అవ్వాలి. కానీ వెయిట్ లేచే సమయానికి లోపల 28 ఉంటుంది. సగానికి సగం ఎక్కడి నుంచి వచ్చిందని తల పట్టుకున్నాడు. టైరులో గాలి ఎంత ఉందో అంతే ఉంది. కుక్కర్‌లో నీళ్లు ఆవిరవుతున్నకొద్దీ లోపల వాయువు పోగవుతూనే ఉంటుంది, వాయు నియమం పీవీ = ఎన్ఆర్‌టీలో ఎన్, అంటే వాయువు పరిమాణం, మారిపోతోంది. దానికి ఏ ఉష్ణోగ్రతకి ఆవిరి పీడనం ఎంతో చెప్పే ఆవిరి పట్టికలు చూడాలి. వాడి సిలబస్‌లో అవి లేవు. అయినా వచ్చే ఆదివారానికి తీసి ఉంచమని మరీమరీ చెప్పి వెళ్లాడు.