కాకి కదలని రోజు కారు తీశాను

కనుమ నాడు కాకైనా కదలదంటారు. పొద్దున్నే నేను కారు తాళాలు వెతుక్కుంటుంటే అత్తయ్య ఆ మాట నాకు వినపడేలాగే అన్నారు. ఊరికి పోవట్లేదు అత్తయ్యా, గారెలు వేగేలోపు ఔటర్ మీద తిరిగి వచ్చేస్తా అన్నాను. సంక్రాంతికి సగం హైదరాబాద్ ఊళ్ళకు పోతుంది. కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర హారన్ వినపడని రోజులు ఏడాదిలో ఇవే. ఇలాంటి రోజున నా స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌కి కవర్ కప్పి ఉంచడం నా వల్ల కాదు.

మాది ఆర్ఎస్ 245 మోడల్. మన దేశంలో 2020లో 200 మాత్రమే అమ్మారు. నాకు సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. 245 గుర్రాల బలం, 370 న్యూటన్ మీటర్ల టార్క్, అంతా ముందు చక్రాలకే. దాని కింద ఉన్నవి మంచి గ్రిప్ ఉన్న సమ్మర్ టైర్లు, అంటే వేడి వాతావరణానికి చేసినవి. మన దగ్గర వాటినెవరూ సమ్మర్ టైర్లు అనరు, మనకు ఇంకో రకం అవసరమే రాదు కాబట్టి.

బయల్దేరే ముందు టైర్లలో గాలి ఎంతుందో గేజ్ పెట్టి చూస్తే 30 పీఎస్ఐ. నిన్న మధ్యాహ్నం ఎండలో ఇదే గేజ్‌తో 33 చూశాను. ఎక్కడా లీకు లేదు. అయిదారు డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒక పీఎస్ఐ పడిపోతుంది, రాత్రికి రాత్రి పద్దెనిమిది డిగ్రీలు దిగింది, లెక్క సరిపోయింది. ఊరికే ట్రెడ్ మీద, అంటే రోడ్డుని తాకే గాడుల రబ్బరు మీద, బొటనవేలి గోరు గుచ్చి చూశాను. గోరు వంగింది గానీ రబ్బరు వంగలేదు.

పటాన్‌చెరు దాటేసరికి డాష్ మీద 9 డిగ్రీలు. ఆ వైపు చలి ఎప్పుడూ ఓ మెట్టు ఎక్కువే. ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కే వంపులో పొగమంచుకు రోడ్డు తడిగా ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఆనించానంతే, బండి ముక్కు నేను తిప్పిన వైపు కాకుండా బయటికి పోబోయింది, బండి జారకుండా చూసే ఈఎస్‌సీ దీపం మినుక్కుమంది. స్పీడేమీ లేదు. కోకాపేట వైపు వెళ్ళేసరికి ఎండ వచ్చింది, టైర్లూ వేడెక్కాయి. అక్కడ దిగే వంపులో అదే మోతాదులో కాలు ఆనిస్తే బండి గీత గీసినట్టు తిరిగింది. ఇంజిన్ అదే, డ్రైవర్ నేనే. మారింది రబ్బరు వేడి, కాస్త రోడ్డు తడి.

ఇది మన కారు పిచ్చోళ్ళకు ఎంత చెప్పినా ఎక్కదు. ఇంజిన్ బలం పెంచే రీమ్యాప్‌కి లక్ష పెడతారు, ఎగ్జాస్ట్‌కి ఇంకో లక్ష. టైర్ల దగ్గరికి వచ్చేసరికి బేరం. టన్నున్నర బండి రోడ్డుని తాకేది నాలుగు అరచేతులంత మేర, ఏ గుర్రమైనా అక్కడి నుంచే లాగాలి. బ్రేక్ తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అయినా, ఈఎస్‌సీ అయినా ఉన్న పట్టుని పంచగలవు, లేనిదాన్ని పుట్టించలేవు.

మియాపూర్ దగ్గర పంక్చర్ షాపు తీసే ఉంది, పండగ రోజు కూడా. కుర్రాడు గాలి పైపు పట్టుకుని "నైట్రోజన్ కొట్టిద్దామా అన్నా, చలికి తగ్గదు" అన్నాడు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉంది తమ్ముడూ, చలికి అది కూడా ఇంతే తగ్గుతుంది అంటే నవ్వి మామూలు గాలే పట్టాడు. టైర్లు వేడిగా ఉన్నప్పుడు కొలిస్తే లెక్క తప్పుతుందని తనే రెండు ఎక్కువ పెట్టాడు. పని తెలిసినవాడు.

ఇంటికి వచ్చి గారెల ముందు కూర్చున్నానో లేదో మిషిగన్ నుంచి బామ్మర్ది వీడియో కాల్. వాళ్ళకింకా ముందు రోజు రాత్రి. ఎండాకాలంలో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్ కారు కొన్నాడు, షోరూమ్ నుంచి వచ్చిన సమ్మర్ టైర్లే ఇంకా ఉన్నాయి. ఈరోజు స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ తొక్కితే బండి ఆగకుండా నిదానంగా జారుకుంటూ వెళ్ళి ఫుట్‌పాత్ అంచుకి ముద్దు పెట్టిందట. చక్రానికి గీత పడింది, మనిషికేం కాలేదు.

"ఆల్ వీల్ డ్రైవ్ కదా బావా, ఇదేంటి?" అన్నాడు.

నాలుగు చక్రాలూ లాగితే బయల్దేరడం తేలిక. ఆగడానికి ప్రతి కారుకూ నాలుగు చక్రాల బ్రేకే ఉంటుంది, అక్కడ నీకు ఎక్కువ వచ్చేదేమీ లేదురా అన్నాను. పైగా సులువుగా బయల్దేరింది కాబట్టి రోడ్డు బాగానే ఉందని మోసపోతాం. మంచు లేని రోజున పర్లేదు కదా అన్నది వాడి రెండో ప్రశ్న. అసలు తిరకాసు అదే. ఆ టైర్లకు మంచుతో పాటు ఉత్త చలి కూడా పడదు. 7 డిగ్రీల కిందకి దిగితే ఆ రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుందని టైర్ల వాళ్ళు ఉజ్జాయింపుగా ఒక గీత గీస్తారు. సున్నా కింద 7కి దగ్గరయ్యాక ఆ టైర్లతో బండి కదిలిస్తే ట్రెడ్ పగలొచ్చని మిషెలిన్ లాంటి కంపెనీలే చెబుతాయి. వాడి ఊళ్ళో జనవరి రాత్రులు అక్కడే ఉంటాయి. వింటర్ టైర్ల రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండేలా కలుపుతారు, ట్రెడ్ దిమ్మెల మీద సన్నటి కోతలు వందలకొద్దీ ఉంటాయి, మంచుని కరిచి పట్టుకోవడానికి. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు బొమ్మ ఉంటుంది, కొనేటప్పుడు అది చూసుకో అన్నాను.

కెనడాలోని క్యూబెక్‌లో అయితే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు వేసుకోవాల్సిందే, చట్టం. మిషిగన్‌లో అలాంటి నిర్బంధం లేదు, అందుకే వీడు ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. మనకు ఆ బాధ లేదు. బేగంపేటలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ 6.1 డిగ్రీలు, అదీ 1946లో. నా డాష్ మీద మంచుపువ్వు గుర్తు వెలగాలంటే 4 కిందకి దిగాలి. నా కారుకి హైదరాబాద్‌లో ఆ యోగం లేదు.

మాటల మధ్యలో మళ్ళీ గోరు గుచ్చి చూద్దామని కిందకి దిగాను. ఈసారి కాస్త దిగబడింది, అరచేతికి టైరు వెచ్చగా తగిలింది. ఫోన్ కెమెరా అటు తిప్పి వాడికి చూపించాను. "నాది చెక్కలా ఉంది బావా" అన్నాడు.

సాయంత్రం వాడి మెసేజ్. వింటర్ సెట్ బుక్ చేశాడు, శనివారం బిగిస్తారట. తీసిన నాలుగూ బాల్కనీలో పెట్టొచ్చా అని అడిగాడు. వద్దు, ఆ చలికి బయట ఉంచకు, ఇంట్లోనే ఎక్కడో సర్దు అని రాశాను. విషయం ఏంటని అత్తయ్య అడిగితే చెప్పాను. నాలుగు టైర్లు ఇంట్లోనా అని కాసేపు ఆలోచించి, "దేవుడి గూడు ఉన్న గదిలో మాత్రం వద్దని చెప్పు బాబూ" అన్నారు. అదీ రాసి పంపాను.