బాపు ఎడమ చేయి

మా బాపు ముప్పై ఏళ్లు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేశాడు. మిర్చి బస్తా ఏదైనా ఎడమ భుజం మీదికే ఎత్తుకునేవాడు. కిడ్నీలు పాడై, మిషన్‌తో రక్తం శుభ్రం చేసే డయాలసిస్ అవసరమైంది. అన్నం తినే చేయి వద్దు, దానికోసం ఎడమ చేతికే ఫిస్టులా చేద్దామని డాక్టర్ అన్నప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "మల్ల బస్తా లేపరాదా సారూ?" లేపొద్దన్నారు. హన్మకొండ నుంచి ఇంటికి చేరేదాకా బాపు నోరు విప్పలేదు.

డయాలసిస్ మిషన్ నిమిషానికి 250, 300 మిల్లీలీటర్ల రక్తం లాగుతుంది. చేతి మీది మామూలు సిర అంత ఇవ్వలేదు. అందుకే మణికట్టు దగ్గర ధమనికి సిరను కలిపి కుడతారు, అదే ఫిస్టులా. జోరుగా వచ్చే రక్తానికి సిర మెల్లమెల్లగా లావెక్కి, గోడ గట్టిపడి, లావు సూదులకు తట్టుకుంటుంది. అందుకు నెలన్నర, రెండు నెలలైనా పడుతుంది. అక్కడ వేళ్లు ఆనిస్తే సన్నగా అదురు తెలుస్తుంది. పిండి గిర్ని నడుస్తున్నప్పుడు గోడకు చేయి పెడితే ఎట్లా ఉంటుందో అట్లా. రోజూ పొద్దున లేవగానే అది చూసుకోమని మాకు చెప్పారు. బాపు చూసుకునేవాడు కూడా.

రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి, మాకు అర్థం కాలేదు. సూదులు తీశాక పది నిమిషాల్లో ఆగే రక్తం అరగంటైనా ఆగేది కాదు. మిషన్ మాటిమాటికీ మోగేది, ప్రెషర్ ఎక్కువొస్తోందని పైపు సర్దేవారు. అదురు తగ్గి, నాడి కొట్టుకున్నట్టు టక్ టక్ మనడం మొదలైంది. గట్టిగా కొట్టుకుంటోంది కదా, మంచిదే అనుకున్నాను. నిజానికి పైన సిర సన్నబడి, రక్తం ముందుకు పోలేక అక్కడే తంతోంది. చేయి పైకెత్తితే ఉబ్బిన సిర మెత్తబడి అణగాలి, బాపుది అణగలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఒక శనివారం డయాలసిస్‌లో ఒంట్లోంచి మూడున్నర లీటర్ల నీళ్లు తీశారు. బీపీ బాగా పడిపోయింది. ఇంటికొచ్చి అట్లనే పడుకున్నాడు. ఆదివారం పొద్దున, "ఇయ్యాల అదురుతలేదు బిడ్డా" అన్నాడు. నేను సెంటర్‌కు ఫోన్ చేశాను. ఎత్తినవాళ్లు, మంగళవారం వస్తారు కదా అప్పుడు చూద్దాం అన్నారు. నేను సరే అన్నాను. ఆ "సరే" ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. మంగళవారం సూది పెడితే నల్లటి గడ్డ వచ్చింది. వెంటనే వచ్చి ఉంటే గడ్డ తీసి, సన్నబడిన చోట బెలూన్‌తో వెడల్పు చేసి, కాపాడే ప్రయత్నం చేసేవాళ్లమన్నారు. ఆ చోట మళ్లీ ఫిస్టులా పెట్టడానికి పనికిరాదన్నారు.

డయాలసిస్ కోసం మెడలో పైపు వేశారు. మూడు నెలలు దానితోనే. తడి తగలొద్దని తలస్నానం లేదు. ఏ రాత్రి చలిజ్వరం వస్తుందోనని టెన్షన్. పైపుకు ఇన్‌ఫెక్షన్ వస్తే నేరుగా రక్తంలోకే పోతుంది మరి.

ఇప్పుడు మోచేతి దగ్గర రెండో ఫిస్టులా. మిషన్ మీద ఉన్నప్పుడు ఆ చేతి వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కుతాయి. చేతికి పోవాల్సిన రక్తంలో కొంత ఫిస్టులాలోకి మళ్లుతోందట. ఇప్పటికైతే తక్కువే, గుడ్డ కప్పుకుంటాడు. ఊరికే ఉన్నా నొప్పి లేచినా, వేలు నల్లబడినా ఆ రోజే రమ్మన్నారు. ఈసారి ఎవరు రేపన్నా వినను.

పక్క బెడ్‌లో ఉండే కాక ఎప్పుడూ "గాడనే పొడువు బిడ్డా, నొప్పి తెల్వది" అంటాడు. అక్కడే పొడిచి పొడిచి చేయి నిమ్మకాయంత ఉబ్బింది, మీది చర్మం పలుచబడి మెరుస్తోంది. ఒకరోజు మానని పొక్కు కనబడితే నేనే వెళ్లి డాక్టర్‌ను పిలుచుకొచ్చాను. అది పగిలితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. అట్లాంటప్పుడు టవల్ చుట్టి కూర్చోవద్దు. రక్తం ఎక్కడ చిమ్ముతుందో సరిగ్గా అక్కడే వేలితో అదిమిపట్టి, చేయి పైకెత్తి, 108కి ఫోన్ చేయాలి. మా ఇంట్లో అవ్వకు కూడా ఇది నేర్పాను.

మొన్న జ్వరమొచ్చి వేరే దవాఖానకు పోతే బీపీ పట్టీ ఎడమ చేతికే చుట్టబోయారు. బాపు మగతలో ఉన్నాడు, చెప్పలేకపోయాడు. అప్పటినుంచి బయల్దేరే ముందు పెన్నుతో ఆయన చేతి మీద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను: "ఈ చేతికి బీపీ వద్దు, సూది వద్దు." రాసేటప్పుడు నా మణికట్టు కింద ఆ అదురు తగులుతుంటుంది.