గుండీల మీద సైనికులు

"ఏరా, పాపం వాళ్లని గుండీల మీద నిలబెట్టావేంటి?" అంది మా అమ్మ వీడియో కాల్‌లో.

మూడు వారాలుగా మావాడికి అదే పని. స్కూలు నుంచి రావడం, బ్యాగు విసిరేసి బల్ల దగ్గర కూర్చోవడం, మినపగింజంత మొహాలకి కళ్లు దిద్దడం. మొత్తం పదిమంది సైనికులు, వార్‌హామర్ అని బల్ల మీద ఆడే యుద్ధం ఆటలో బుల్లి ప్లాస్టిక్ బొమ్మలు. కవచాల మీద గీతలు కూడా పొల్లుపోకుండా వేశాడు. కాళ్ల కింద 32 మిల్లీమీటర్ల నల్ల ప్లాస్టిక్ బిళ్లని మాత్రం అలాగే వదిలేశాడు. అమ్మ అన్నది నిజమే, అచ్చం కోటు గుండీలే. వాడికి గుండీ అంటే తెలియక నావైపు చూశాడు. చొక్కా పట్టుకుని చూపించాను. మొహం మాడిపోయింది.

మేముండేది ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్‌లో. ఈ బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే, కాబట్టి ఈ పిచ్చి తగలకుండా పిల్లల్ని పెంచడం కష్టమే. మొదట్లో నాకు ఒళ్లు మండేది. శనివారం తెలుగు క్లాసు అనగానే కడుపునొప్పి వచ్చేవాడు, కుంచె పట్టుకుంటే మూడు గంటలు కదలడు.

నాకు కళ్లు దిద్దడం రాదు గానీ, నేల వేయడం వచ్చు. చిన్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్ల మీద కొండపల్లి బొమ్మలు సర్దే హోదా అక్కది. కింద పార్కు నాది. ఇసుక, ఆకుపచ్చ రంగు కలిపిన రంపపు పొట్టు, చెరువుకి అద్దం ముక్క, పచ్చికకి వారం ముందే చల్లి మొలిపించిన ఆవాలు. ఆ ధైర్యంతోనే వాడి పక్కన కుర్చీ లాక్కున్నాను.

మొదటి దెబ్బ నాదే. ఇసుక ఎందుకు, బొంబాయి రవ్వ చాలదా అన్నాను. ఫెవికాల్ లాంటి తెల్ల బంక, ఇక్కడ పీవీఏ అంటారు, అది నీళ్లతో పల్చన చేసి రాసి పైన రవ్వ చల్లాం. తెల్లారేసరికి రవ్వ తడి పీల్చి ఉబ్బింది. "అమ్మా, వీడు ఉప్మాలో నిలబడ్డాడు" అన్నాడు. గీకడానికి అరగంట పట్టింది. అప్పటి నుంచి వంటింటి సరుకుల్లో నేను ముట్టుకునేది ఒక్కటే, టీ పిప్పి. కాచి వడకట్టాక బాగా ఎండబెట్టి చల్లితే చెట్ల కింద మట్టిలా భలే ఉంటుంది. ఎండలో కాదు లెండి, ఇక్కడ ఎండెక్కడిది, రేడియేటర్ మీద.

తర్వాత దారిన పడ్డాం. బూట్ల మీదికి పోకుండా పాత కుంచెతో బిళ్లకి బంక రాసి, బొమ్మని ఇసుక పళ్లెంలో అద్ది, తట్టి దులపడం. ఆరాక పైన ఒక పూత నీళ్ల బంక. అది వేయకపోతే రంగు వేసేటప్పుడు ఇసుకంతా కుంచెతోనే వచ్చేస్తుంది. ఆ పైన ముదురు గోధుమ రంగు, అది ఆరాక పొడి కుంచె. ఈ పొడి కుంచెలోనే ఉంది కిటుకంతా. లేత రంగులో ముంచి, ఇక రంగే లేదనిపించేదాకా టిష్యూ మీద తుడిచి, మొహానికి పౌడరు అద్దినట్టు పైపైన తిప్పాలి. గుంతలు నల్లగానే ఉండిపోతాయి, మిట్టలు మాత్రం తేలతాయి. ఒక్కో బొమ్మకి నిమిషం పట్టదు.

మావాడికి అంత ఓపిక కూడా లేదు. డబ్బాలో పేస్టు దొరుకుతుంది, రాస్తే చాలు, ఆరేటప్పుడు దానంతటదే పగులుతుంది. దళసరిగా రాస్తే పెద్ద పగుళ్లు, పల్చగా రాస్తే సన్నవి. కింద ముందే ఒక పూత బంక వేసి ఆరనిస్తే ఇంకా బాగా విచ్చుకుంటాయి. ఆ రాత్రి రాసి పడుకున్నాం. పొద్దున చూసి నేను అక్కడే నిలబడిపోయాను. వరి కోతలయ్యాక ఎండాకాలం గుడివాడ దగ్గర మా చేలు ఇలాగే ఉండేవి.

"నెర్రెలు" అన్నాను.

"వాట్?"

"నేల పగిలితే నెర్రెలిచ్చింది అంటాం. చిన్నప్పుడు నా చెప్పు ఒకటి అందులో పడిపోయింది."

చెప్పు దొరికిందా లేదా అని రెండుసార్లు అడిగాడు. దొరకలేదు. ఆ మాట మాత్రం వాడి నోట నిలిచింది. క్లాసు పుస్తకంలో ఏనుగు, ఐరావతం నెలల తరబడి నూరిపోసినా నిలవలేదు మరి.

చివర్లో చింతపండు రసమంత పల్చటి గోధుమ రంగు పగుళ్లలోకి జారవిడిచి, గడ్డి కుచ్చు ఒకటి చిమటాతో తీసి మడమ దగ్గర ఓ పక్కగా అతికించాం. మధ్యలో పెడితే కుండీలా ఉంటుంది. మూడు పెడితే అడవి. బిళ్ల అంచుకి మాత్రం తప్పకుండా నల్లరంగు వేయించాను. ముగ్గు ఎంత బాగా పెట్టినా అరుగు తుడవకపోతే ఎలా?

ఆదివారం పదిమందినీ వరసలో పెట్టి ఫోను చూపించాడు. అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది.

"ఇదేంట్రా, కాలవ నీళ్లు వదల్లేదా మీకు?"

"ఎండాకాలం అమ్మమ్మా. నెరెలు."

ఒత్తు పోయింది. నేను దిద్దలేదు. ఇప్పుడు వాడికి కాలవ కావాలట, నా పాత పౌడరు డబ్బా అద్దం పగలగొట్టనా అని అడుగుతున్నాడు.