నామినీ గడి ఖాళీగా ఉన్న రసీదులు

మా నాన్న 2022 ఆగస్టులో చనిపోయారు. ఆయన పేరు మీద నల్లగొండకు దగ్గరలోని మా ఊళ్లో 3 ఎకరాల 12 గుంటల బత్తాయి తోట, పట్టణంలోని ఒక బ్యాంకులో నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. దినాలు అయిన తరువాత అమ్మ ట్రంకు పెట్టెలోంచి తువ్వాలలో చుట్టిన రసీదులు తీసి నా చేతిలో పెట్టింది. నాలుగింటిలోనూ నామినీ పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది.

బ్యాంకుకు మొదటిసారి వెళ్లినప్పుడు తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తెమ్మన్నారు. మీసేవలో దరఖాస్తు పెట్టి, నెల రోజులు తిరిగి ఆ పత్రం తీసుకువెళితే, ఇంత మొత్తానికి అది చాలదు, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ కావాలన్నారు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ అన్నిసార్లు ఆ మెట్లు ఎక్కే అవసరం ఉండేది కాదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తెలిసినవారు చెబితే కోర్టుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న వకీలు ఆఫీసుకు వెళ్లాం. రెండు గదులు, ఒక పెద్ద వకీలు, ఒక జూనియర్ వకీలమ్మ, ఒక గుమాస్తా. మాకు ముందు కూర్చున్నవారిలో ఒకరు చెక్కు బౌన్సు కేసు కోసం, మరొకరు కొనబోయే ఇంటి స్థలం లింకు డాక్యుమెంట్లు చూపించుకోవడానికి వచ్చారు. వకీలు సార్ మా కాగితాలన్నీ బల్ల మీద పరచి, రెండు కట్టలుగా విడదీసి, అమ్మ వైపు తిరిగి, “అమ్మా, కోర్టు ఇచ్చే కాయిదం బ్యాంకు పైసలకే పనికొస్తది, భూమికి గాదు. భూమికి విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్చుడు, తహసీల్దార్ ఆఫీసులనే చేయించుకోవాలె” అన్నారు. మూడు నెలలుగా మాకు ఎవరూ చెప్పని మాట అది. నామినీ అంటే డిపాజిట్ డబ్బు అందుకునే మనిషే గాని దానికి యజమాని కాదని, 2010లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పిందని, అందువల్ల ఆ గడిలో నా పేరు ఉన్నా అమ్మ వాటా, చెల్లెలి వాటా ఎక్కడికీ పోయేవి కావని కూడా వివరించారు.

ఫీజు మాట రాకముందే ఆయన ఇంకొక విషయం చెప్పారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెట్టుకునే హక్కు ఉందని, కావాలంటే జిల్లా సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చని అమ్మతో అన్నారు. తన దగ్గరకు వచ్చిన పనిని తానే వదులుకునే మాట చెప్పిన మనిషి మీద మాకు నమ్మకం కలిగింది. అమ్మ ఆయనకే వకాలత్‌నామా మీద సంతకం చేసింది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది మా చెల్లెలి సంగతి. సూర్యాపేట నుంచి వచ్చిన రోజున తను, “నాకేం వద్దన్నా, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా” అంది. నేను కూడా అలాగే జరుగుతుందని అనుకున్నాను. వకీలు సార్ మాత్రం నన్ను, అమ్మను బయట కూర్చోమని, వకీలమ్మను పక్కన పెట్టుకుని చెల్లెలితో అరగంట మాట్లాడారు. తోట నాన్న స్వార్జితం కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకుకు, కూతురుకు సమాన వాటాలని, వదులుకోవడం తన ఇష్టమే గాని తెలిసి వదులుకోవాలని చెప్పారట. తను కళ్లు తుడుచుకుంటూ బయటకు వచ్చి, “అన్నా, నాన్న పెట్టిన చెట్లు నాక్కూడా కొన్ని కావాలె” అంది. ఆ క్షణంలో నా మనసు చివుక్కుమన్న మాట నిజం. ఇంటికి వెళ్లే బస్సులో ఆలోచిస్తే, తను అడిగింది తనదేనని, నేను ముందే అడగకపోవడమే తప్పని అర్థమైంది.

పిటిషన్ 2022 డిసెంబరులో వేశారు. నన్ను, చెల్లెలిని ప్రతివాదులుగా చూపారు, పత్రికలో ప్రకటన వేయించారు, అభ్యంతరం లేదని మేమిద్దరం రాసి ఇచ్చాం. అమ్మ కోర్టులో సాక్ష్యం చెప్పిన రోజున వకీలమ్మ అమ్మ చేయి పట్టుకుని బోను దాకా తీసుకువెళ్లింది. డిపాజిట్ల మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టి, 2023 జూలైలో సర్టిఫికెట్ తీసుకున్నాం. అది చూపించాక బ్యాంకు వారు డబ్బు ఇచ్చారు. మా భూమి పని తెలంగాణ భూముల పోర్టల్ ధరణి ఉన్న కాలంలో జరిగింది కాబట్టి, ముగ్గురం ఒప్పుకున్న పత్రంతో స్లాటు తీసుకుని తహసీల్దార్ ముందు వేలిముద్రలు వేశాం. తలా 1 ఎకరం 4 గుంటలకు విడివిడిగా పట్టాదారు పాసుపుస్తకాలు వచ్చాయి.

మొన్న అమ్మ తన వాటాకు వీలునామా రాయించుకుంటానని అదే ఆఫీసుకు తీసుకువెళ్లమంది. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదని, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలని వకీలు సార్ చెప్పారు. ఆ తరువాత ఎవరి పేరున రాయాలో అడిగే ముందు, నన్ను, చెల్లెలిని బయట కూర్చోమన్నారు.