రాత్రి 10 గంటల ప్యాచ్

నేనుండేది డాలస్‌లో. మెదడు కింద ఉండి మిగతా హార్మోన్లని నడిపించే పిట్యూటరీ గ్రంథిలో గడ్డకి ఆపరేషన్ అయ్యాక నా టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పడిపోయింది. గడ్డం పెరగడం బాగా తగ్గింది, మధ్యాహ్నం మీటింగుల్లో కళ్లు మూతలు పడేవి. వేర్వేరు రోజుల్లో పొద్దున్నే రెండుసార్లు రక్తం తీశారు. డెసిలీటరుకి 300 నానోగ్రాముల కంటే తక్కువుంటే ఇక్కడి డాక్టర్లు తక్కువ కిందే లెక్కేస్తారు. నాది అందులో సగం కూడా లేదు.

మాత్ర రాసివ్వచ్చు కదా అని డాక్టరమ్మని అడిగాను. మామూలు టెస్టోస్టిరాన్ మింగితే పేగుల్లోంచి ముందు లివర్‌కే పోతుంది, అక్కడే చాలావరకు ఖర్చయిపోతుంది అన్నారు. చర్మం గుండా ఇస్తే లివర్‌కి ముందే రక్తంలో కలుస్తుంది. జెల్ వాడటం తేలికే, కానీ రాసుకున్న చోట ఎవరి ఒళ్లు తగిలినా వాళ్లకీ అంటుతుంది. అలా చిన్నపిల్లల్లో వయసుకి ముందే యుక్తవయసు లక్షణాలు కనబడ్డాయని 2009లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ) జెల్ డబ్బాల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. మా చిన్నది నా భుజం మీద తప్ప నిద్రపోదు. ఇక జెల్ మాటే ఎత్తలేదు.

నాకు రాసింది చర్మానికి అంటించుకునే, రోజుకి 4 మిల్లీగ్రాములిచ్చే ప్యాచ్. లోపల ఉన్న మందు మాత్రం 19.5 మిల్లీగ్రాములు! ఎందుకంటే మందు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకుతుంది. సరిగ్గా 4 పెట్టి వదిలేస్తే గంటగంటకీ ధార సన్నబడిపోతుంది. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే చిన్న తిత్తిలో ఆల్కహాల్ కలిపిన జెల్ ఉంటుంది, చర్మం దారివ్వడానికి ఆ ఆల్కహాల్ సాయం. అంటే పీకేసిన ప్యాచ్‌లోనూ బోలెడు మందు మిగిలే ఉంటుంది. జిగురు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకి అందని చెత్తబుట్టలో వెయ్యాలి.

వేసుకునేది రాత్రి 10 ప్రాంతంలో. మగవాళ్లలో ఈ హార్మోన్ సహజంగా పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. రాత్రి అంటిస్తే దాదాపు 8 గంటల తర్వాత మందు పైస్థాయికి వస్తుంది, అంటే లేచే వేళకి. ఇంజెక్షన్‌తో ఈ రోజువారీ లయ రాదు. నాకు ప్యాచ్‌లో నచ్చింది ఇదే.

నచ్చనిది చర్మం పడే పాట్లు. పీకిన చోట తిత్తి సైజులో ఎర్రటి గుండ్రం, దురద. వీపు, పొట్ట, తొడ, పైచేయి మార్చుకుంటూ పోవాలి, ఒక్కోచోటికి మళ్లీ రావడానికి వారం ఆగాలి. "ఏవండీ, మొన్న వేసింది అక్కడే కదా!" అని మా ఆవిడ చెప్పకపోతే వీపు లెక్క నాకెక్కడ తెలుస్తుంది? తిత్తి ఆనే చోట ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ క్రీమ్ పల్చగా రాయమన్నారు డాక్టరమ్మ, దాంతో మంట చాలా తగ్గింది. అదే మందు ఆయింట్‌మెంట్ రూపంలో వద్దన్నారు, ఆ జిడ్డు హార్మోన్‌ని లోపలికి పోనివ్వదట.

పిల్లలు కావాలనుకునేవాళ్లు ఇది మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తే వీర్యకణాలు తగ్గుతాయి. నాలాగా తల ఎమ్మారైలకి వెళ్లేవాళ్లకి ఇంకోటి: ప్యాచ్ వెనక అల్యూమినియం పొర ఉంటుంది, మెషీన్‌లో అది వేడెక్కి చర్మం కాలుతుంది. స్కాన్‌కి ముందు పీకెయ్యండి.