పర్ణశాల విప్పిన మర్నాడు

యూదుల సుక్కోత్‌ని తెలుగు బైబిల్ పర్ణశాలల పండుగ అంటుంది. కోతలై, కళ్లం పని ముగిశాక వారం రోజులు ఆకుల పందిరి కిందే భోజనాలు. ఆ పందిరి సుక్కా, దాని కప్పు సెఖాఖ్. సెఖాఖ్ నేలలో మొలిచి, కోసినదై ఉండాలి. తినే వస్తువు, పనిముట్టు పనికిరావు. అంటే కప్పు విషయంలో ప్లాస్టిక్‌కి శాస్త్రమే అడ్డం. అయినా పండగ మర్నాడు వీధి చివర చెత్త గుట్ట పడుతుంది. అది గోడల నుంచీ, అలంకరణల నుంచీ, వాడి పారేసే ప్లేట్ల నుంచీ వచ్చేదే.

కప్పు కింద ఎండ కన్నా నీడ ఎక్కువుండాలి, గట్టి వాన మాత్రం లోపలికి దిగాలి. పచ్చి ఆకుకొమ్మలు పరిస్తే నాలుగో రోజుకల్లా ముడుచుకుపోయి ఎండ జొరబడుతుంది, ఆకులు సూపులో రాలతాయి. ఖర్జూరపు మట్టలు నయం. ఇజ్రాయెల్‌లో కొన్ని మునిసిపాలిటీలు చెట్ల మట్టలు కొట్టించినప్పుడు పోగైనవి ఊరికే పంచిపెడతాయి. ఏటేటా వాడుకోవాలంటే వెదురు చాప మేలు. నైలాన్ దారంతోనో తీగతోనో అల్లినది చాలామంది రబ్బీలు (యూదుల మతగురువులు) ఒప్పరు, కొనేముందు అల్లిక చూడండి. ఇనప చట్రమైతే చాపని నేరుగా పరవకుండా మధ్యలో చెక్క బద్దెలు వేస్తారు. గాలికి లేవకుండా పైన కూడా బరువైన బద్దెలే పెట్టండి. విప్పాక రెండ్రోజులు ఎండబెట్టి చుట్టాలి. చెమ్మతో చుట్టేస్తే బూజు, ఆపైన పురుగు. మరుసటి ఏడు దులిపితే పిండి రాలుతుంది.

గోడలకి టార్పాలిన్ అక్కర్లేదు, అడ్డంగా కట్టిన తాళ్లు చాలు. గాలికి కొట్టుకునే గుడ్డ గోడ చెల్లదనే పేచీ ఎలాగూ ఉంది. రెండు తాళ్ల మధ్య సందు మూడు పిడికిళ్ల లోపు, అంటే సుమారు 24 సెంటీమీటర్ల లోపు ఉంటే మూసినట్టే లెక్క. నేల నుంచి 22 సెంటీమీటర్లకొకటి చొప్పున ఐదు తాళ్లు బిగిస్తే 110 సెంటీమీటర్ల గోడ, కావలసిన ఎత్తు కన్నా కాస్త ఎక్కువే. వట్టి అడ్డతాళ్లతోనే కడితే నాలుగు వైపులా కట్టాలి. పైన పాత దుప్పటి వేలాడదీస్తే మరుగూ కుదురుతుంది.

పళ్లు వేలాడదీసే ముందు ఆలోచించండి. అలంకరణకని కట్టిన పండుని, తింటామని ముందే షరతు చెప్పుకోకపోతే, పండగయ్యేదాకా తినకూడదు. అప్పటికి సగం కుళ్లిపోతాయి. ఎండు మొక్కజొన్న పొత్తులు, ఎండిన దానిమ్మలు చాలు. మిగిలే వంట ఎవరికి పోవాలో వండకముందే మాట్లాడుకోవాలి. చేలో పరిగె పేదలకి వదిలెయ్యమన్న ధర్మం వాళ్లదే. ఇజ్రాయెల్లోని ‘లెకెత్’ అనే ఆహార బ్యాంకు పేరుకి అర్థం పరిగే.

ఇక పండగ ప్రార్థనలో చేతబట్టే నాలుగు: ఒక ఎత్రోగ్ (మన మాదీఫలం), ఖర్జూరపు లేత మట్ట, మూడు మిర్టిల్ కొమ్మలు, రెండు విల్లో కొమ్మలు. ఖర్జూర చెట్టుకి మొవ్వులోని మట్ట కోయడం మంచిది కాదు. 2005లో ఈజిప్టు ఎగుమతికి అడ్డుకట్ట వేస్తే మట్టలకి కటకట వచ్చింది. మట్ట, కొమ్మలు కలిపిన కట్టను మట్ట ఆకుల ఉంగరాలతోనే బిగించాలి, తీగ వద్దు. ఎత్రోగ్‌ని ఫోమ్ వలలో కాక అవిసె నారలో చుట్టిచ్చే అంగడిని వెతకండి. ఆ నార ఎరువులో కలిసిపోతుంది. తోలు మీద చిన్న మచ్చకే ధర పడిపోతుందని రైతులు మందు బాగా కొడతారు, కనక సేంద్రియమని తెలిస్తే తప్ప జామ్ చెయ్యకండి. తోలుకి సూదితో బెజ్జాలు చేసి లవంగాలు గుచ్చితే హవ్‌దాలాకి (సబ్బాతు ముగించే ప్రార్థనకి) సువాసన వస్తువు. బెజ్జాల మధ్య జాగా వదిలితే బూజు పడుతుంది.

విల్లో రెండ్రోజుల్లోనే వాడుతుంది, తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చగా మిగిలిన కొమ్మని నీళ్లలో పెడితే తేలిగ్గా వేరు పోస్తుంది, సమాజ మందిరం పెరట్లో నాటితే మళ్లీ కొనక్కర్లేదు. డ్రైనేజీ గొట్టాలకి దూరంగా నాటండి, నీటికోసం వేళ్లు అందులోకి దూరతాయి.

ఎరువు గుంటలో మిర్టిల్, విల్లో త్వరగానే కరుగుతాయి. మట్టతో చిక్కు: కొమ్మలు ముక్కలు చేసే యంత్రం ఇరుసుకి దాని పీచు చుట్టుకుని ఆపేస్తుంది. కత్తెరతో జానెడు ముక్కలు చేసి వెయ్యాలి, అప్పటికీ ఏడాది పైనే పడుతుంది. అందుకేనేమో, చాలా ఇళ్లలో మట్ట గుంటకి పోదు. అల్మరా మీద ఎండి, వసంతంలో పస్కా పండగకి ముందు పొద్దున పులిసిన రొట్టె ముక్కలు కాల్చే మంటకి పుల్లవుతుంది.