ఎనిమిదో నెల

శ్రీకాకుళం, మే 2021

పొద్దున్న లేచి వంటింటిదాకా నడిచేసరికి ఆయాసం. గర్భసంచి పైకి పెరిగి ఊపిరితిత్తుల్ని నొక్కుతుంది, ఈ నెలల్లో మామూలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ ఈ రోజుల్లో ఆయాసం అంటే మనసు ఒక్కచోటికే పోతుంది. ఆక్సీమీటరు వేలికి పెట్టుకున్నాను, 98. కాసేపాగి మళ్లీ పెట్టుకున్నాను. ఈయన చూసి దాన్ని బీరువా మీద పెట్టేశారు. అత్తమ్మకి ఒక డోసు పడింది. కడుపుతో ఉన్నవాళ్లకి టీకా ఇంకా లేదు.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. ఎనిమిదో నెలలో ప్రయాణం వద్దు, తొమ్మిది రాగానే వచ్చి పలాస తీసుకెళ్తామని అమ్మ ఉగాదికే చెప్పింది. ఇప్పుడు వాళ్ల వీధిలో పాజిటివ్ కేసులు. 5వ తేదీ నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. పురుడు ఇక్కడేనని నిన్న రాత్రి తేలిపోయింది. ఫోన్లో ఇద్దరం ఆ మాట వదిలేసి ఆవకాయ గురించి మాట్లాడుకున్నాం.

ఆసుపత్రిలో తోడు ఎవరినీ లోపలికి రానివ్వట్లేదని పక్కింటావిడ అంటోంది. అదే నన్ను తినేస్తోంది. నొప్పులప్పుడు తెలిసిన మనిషి పక్కనుంటే కాన్పు సులువవుతుందని, ఆపరేషన్లు కూడా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. కరోనా ఉన్నా సరే, తల్లి కోరుకున్న మనిషిని తోడు ఉండనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మరి వార్డు తలుపు దగ్గర ఈ మాట ఎవరు వింటారు?

ఎండ ఎక్కకముందే ఆశా అక్క వచ్చింది. జ్వరాల సర్వేకి ఇల్లిల్లూ తిరుగుతూ గేటు బయటే నిలబడింది. ఐరన్ మాత్రలు, కాళ్ల వాపులు, బిడ్డ కదలికలు అన్నీ అడిగింది. వెళ్లబోతూ ఆగి, “రేత్రి నిద్ర పడతందేటమ్మా?” అంది.

ఏడుపు ఆగలేదు. ప్రతి చెకప్‌లో బరువు చూస్తారు, బీపీ చూస్తారు, రక్తం తీస్తారు. ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అమ్మ మొదలుకొని అందరూ ‘భయపడకు’ అంటారు. ఆ మాట విన్నాక ఇంకేం చెప్పుకోగలం? ఈవిడ అలా అనలేదు. “దేనికి భయం?” అని అడిగి నిలబడింది.

చెప్పాను. నాకు పాజిటివ్ వస్తే బిడ్డని నా దగ్గర ఉంచరేమోనని.

“ఎందుకు ఉంచరు? మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలిచ్చుకోవచ్చు. పాలు మానిపించొద్దనే మాకు చెప్పారు.”

భయం మొత్తం పోలేదు గానీ ఒక ముడి విడింది. మధ్యాహ్నం కాసేపు నిద్రపట్టింది కూడా. నిద్ర సంగతి అడగడానికి యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు. మా కార్డులో బీపీ గడి పక్కనే దీనికీ ఒక గడి ఉండాలి. రోజుల తరబడి నిద్రలేకపోవడం, ఊరికే గుండె దడదడలాడటం కూడా డాక్టరుకి చెప్పాల్సిన విషయాలే. కరోనా కాలంలో కడుపుతో ఉన్నవాళ్లకి మరీను.

వచ్చే చెకప్‌లో అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకున్నాను. కాన్పు గదిలోకి ఈయన్ని రానిస్తారా? టెస్టు ఎప్పుడు చేస్తారు? పాజిటివ్ అయితే బిడ్డ మంచం ఎక్కడ వేస్తారు? అర్ధరాత్రి నొప్పులొస్తే 108కి చేస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? నిద్ర పట్టట్లేదన్నది కూడా రాశాను. డాక్టరమ్మ అడక్కపోయినా నేనే చెప్తాను.